ఏసీ కింద నీళ్లా? ముందు తుడిచి చూడండి

ఏసీ నుంచి నీళ్లు పడుతున్నాయనగానే అందరి చూపూ డ్రెయిన్ పైపు మీదికే పోతుంది. పైపు మూసుకుపోయిందని గాలి కొట్టిస్తారు. నాలుగు రోజులు గడిచేసరికి నేల మళ్లీ తడి. అప్పుడు ట్రే పగిలిందంటారు, ఆ తర్వాత గ్యాస్ తగ్గిందంటారు. ఇంత ఖర్చయినా ఎవరూ చేయని పని ఒకటి మిగిలిపోతుంది. తడిసిన చోటును పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఏసీ నడుస్తుండగా పావుగంట కదలకుండా చూడటం. దానికి పైసా ఖర్చు లేదు. బహుశా అందుకేనేమో ఎవరికీ నమ్మకం కుదరదు.

మెయిన్ ఆపడం, ముందు మూత తెరవడం, ఫిల్టర్ కడగడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఫిల్టర్ కడిగి నెల దాటి ఉంటే ముందు అది కడిగి, ఒక రోజు నడిపి చూశాక ఇక్కడికి రండి.

కారుతోందా, చెమరుస్తోందా?

కారే నీటికి ఒక పుట్టుచోటు ఉంటుంది. అక్కడి నుంచి గీత గీసుకుంటూ కిందికి వస్తుంది. ఆ చోటుకు పైన పొడిగా ఉంటుంది.

చెమర్చే నీటి తీరు వేరు. టార్చిలైటును పక్కవాటుగా పట్టి చూడండి. తుడిచిన కొద్ది నిమిషాల దాకా చుక్కలేమీ కనిపించవు. ప్లాస్టిక్ మెరుపు తగ్గి, ఊపిరి తగిలిన అద్దంలా మసకబారుతుంది. ఆ మసకంతా చుక్కలే, కాకపోతే కంటికి విడివిడిగా ఆనవు. మరికాసేపటికి గుండుసూది మొనంత అవుతాయి. పక్కపక్కనున్న రెండు తాకగానే ఒక్కటవుతాయి, అవి ఖాళీ చేసిన చోట కొత్త మసక మొదలవుతుంది. అందుకే చెమర్చిన ఉపరితలం మీద పెద్ద చుక్కల సందుల్లో ఎప్పుడూ చిన్న చుక్కలు ఉంటాయి. నిలువుగా ఉన్న చోట చుక్క రెండు మూడు మిల్లీమీటర్లకు పెరిగాక బరువు ఆగక జారుతుంది. దారిలో ఉన్నవాటన్నిటినీ కలుపుకుని పోతూ వెనక ఒక బాట వదులుతుంది. చాలామంది ఆ బాటను చూసే కారుతోందని తేల్చేస్తారు. బాటకు అటూ ఇటూ చూడండి. చుక్కలు ఉంటే చెమట, పొడిగా ఉంటే లీకు. ఈ ఒక్క తేడా తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

చుక్క ఎందుకు కడుతుందో కూడా కొంచెం తెలియాలి, లేకపోతే తర్వాత చెప్పబోయేది బుర్రకెక్కదు. గాలిలోని ఆవిరి తనంతట తాను నీరు కావడం చాలా కష్టం. దుమ్ము లేని శుభ్రమైన గాలిలో, గది ఉష్ణోగ్రత దగ్గర, చుక్క దానంతటది పుట్టాలంటే గాలి మోయగలిగినదానికి కొన్ని రెట్లు ఎక్కువ ఆవిరి ఉండాలి. ఒకటి రెండు నానోమీటర్ల కంటే చిన్నగా పుట్టిన చుక్క పుట్టిన క్షణంలోనే ఆవిరైపోతుంది. ఆ పరిమాణం దాటిందే నిలిచి పెరుగుతుంది. అదే ఒక చల్లని ఉపరితలం, దాని మీద ఒక గీత, ఒక దుమ్ము రేణువు దొరికిందంటే అక్కడి తేమ నూరు శాతం దాటీ దాటకముందే పని మొదలవుతుంది. సన్నని చీలికల్లో అయితే నూరు శాతం నిండకముందే నీరు చేరుతుంది. ఉపరితలం శుభ్రతను బట్టి చుక్క రూపం కూడా మారుతుంది. 1911లో లార్డ్ రేలీ ఒక అద్దం మీద చిన్న మంటను ఆడించి, చల్లారాక ఊపిరి వదిలి చూశాడు. మంట తిరిగి జిడ్డు పోయిన దారిలో నీరు చుక్కలు కట్టకుండా పలచని పొరగా పరుచుకుంది, మిగతా చోట మామూలుగా చుక్కలు కట్టింది. మన ఇళ్లలో ఏసీ రెక్కలు ఎలాగూ జిడ్డుగానే ఉంటాయి కాబట్టి చుక్కలే చూస్తాం.

ఇక అంకెలు. గాలి చల్లబడుతూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర ఇక తన ఆవిరిని మోయలేదు. దాన్నే డ్యూ పాయింట్ అంటారు. అంతకన్నా చల్లగా ఉన్నదేదైనా చెమరుస్తుంది, వెచ్చగా ఉన్నది చెమర్చదు. గదిలో 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే డ్యూ పాయింట్ సుమారు 13 డిగ్రీలు. విశాఖలోనో కాకినాడలోనో తలుపులు తీసిన ఇంట్లో 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే అది 27. హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే మళ్లీ 13 దగ్గరికి వస్తుంది. అదే ఊళ్లో జూలైలో 27 డిగ్రీలు, 80 శాతం తేమ అయిన రోజు 23 దాటుతుంది. వేసవంతా చుక్క కార్చని ఏసీ వానలు పడగానే ఎందుకు మొరాయించిందని అడిగేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. ఏసీ మారలేదు, గాలి మారింది.

గోడ వెంట గీతలా నీరు

ఇది లీకే, డ్రెయిన్‌దే. పైపులో జిగట పేరుకుని ఉంటుంది, లేదా పైపు మధ్యలో పైకి లేచి ఉంటుంది, లేదా చివర బకెట్ నీళ్లలో మునిగి ఉంటుంది. వాలు సరిచేసి, పైపు ఊడదీసి నీళ్లు పోసి కడగండి. ఏసీ ఆపిన తర్వాత ఒక్కసారిగా నీళ్లు పడితే మాత్రం కాయిల్ మీద, అంటే గాలిని చల్లబరిచే లోపలి గొట్టాల చుట్ట మీద, మంచు గడ్డకట్టి కరుగుతోందన్నమాట. ముందు ఫిల్టర్, ఆ తర్వాత కాయిల్ మురికి, అవి రెండూ బాగుంటేనే గ్యాస్. ఈ వరస తప్పించి నేరుగా గ్యాస్ నింపడానికి సిద్ధపడేవాళ్లను ఇంట్లోకి రానివ్వకండి. పైపులు చెమర్చడానికి గ్యాస్ నింపడం మందు కాదు.

గాలితో పాటు తుంపర

లోపలి కాయిల్ రెక్కలకు నీరు పొరలా పరుచుకుని జారిపోయేలా పూత వేస్తారు. దాని మీద వంటింటి జిడ్డు, దుమ్ము పేరుకుంటే నీరు పరుచుకోకుండా చుక్కలై నిలబడుతుంది. రెక్కల మధ్య సందు చాలా సన్నం కాబట్టి చుక్క రెండు రెక్కలనూ పట్టుకుని వంతెనలా నిలుస్తుంది. ఫ్యాను దాన్ని ఊడగొట్టి మీ మంచం మీద పోస్తుంది. కాయిల్‌ను దానికోసం అమ్మే క్లీనర్‌తో కడిగితే సరి. బాత్రూం యాసిడ్ వాడితే పూతతో పాటు రెక్కలూ పోతాయి.

ముందు రెక్కల మీద చుక్కలు

బయటికి వచ్చే గాలి 10 నుంచి 14 డిగ్రీల మధ్య ఉంటుంది, దాన్ని మళ్లించే రెక్క కూడా అంతే చల్లబడుతుంది. గది డ్యూ పాయింట్ దానికి పైన ఉన్నంతసేపూ రెక్క చెమరుస్తూనే ఉంటుంది. తలుపు తీసి పెట్టడం, గదిలో బట్టలు ఆరేయడం, ఫ్యాను వేగం బాగా తగ్గించి 16 మీద పెట్టడం, రెక్కను సగం మూసి గాలిని దాని మీదికే కొట్టించడం, ఇవే కారణాలు. తలుపులు మూసి, ఫ్యాను వేగం పెంచి, రెక్క తెరిచి, 24 మీద నడపండి. కొత్త ఇంట్లో గోడల తడి ఆరేదాకా, లేదా చాలా రోజులు మూసి ఉంచిన గదిలో మొదటి గంట సేపు చుక్కలు కనిపించడం సహజం. మిషన్ తేమను లాగేకొద్దీ అవే ఆగిపోతాయి. ఆగకపోతే బయటి గాలి ఎక్కడినుంచో వస్తోంది. పైపులు గోడలోంచి వెళ్లే రంధ్రాన్ని సీలు చేశారో లేదో చూడండి. చాలా ఇళ్లలో దాన్ని గుడ్డముక్క కుక్కి వదిలేసి ఉంటారు.

ఫాల్స్ సీలింగ్‌లో మరక, అదీ ఏసీకి దూరంగా

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వచ్చాం. నన్ను ఎక్కువగా తిప్పించింది ఇదే. పైకి చూస్తే అంతా బాగానే ఉంటుంది. పైపులకు తొడుగు ఉంటుంది, దాని మీద టేపు చక్కగా చుట్టి ఉంటుంది. డ్రెయిన్ పైపులో నీళ్లు పోస్తే బయటికి ధారగా పోతాయి. అయినా ఇండోర్ యూనిట్‌కు నాలుగైదు అడుగుల దూరంలో, ఒక్కోసారి పక్క గదిలో, బోర్డు మీద పసుపు మరక పెరుగుతూ ఉంటుంది. పై ఫ్లాటు వాళ్ల బాత్రూం మీద పడి పోట్లాడుకున్న ఇళ్లు నాకు తెలుసు.

జరిగేది ఇది. రాగి పైపు తొడుగు ఎక్కడో ఒకచోట నోరు తెరిచి ఉంటుంది. ఎక్కువగా ఇండోర్ యూనిట్ వెనక, పైపుల చివరలను కలిపి బిగించే ఫ్లేర్ నట్ దగ్గర. పైపులు బిగించేటప్పుడు తొడుగును వెనక్కి జరుపుతారు, బిగించాక దాన్ని పూర్తిగా ముందుకు లాగరు. మిగిలిన రెండంగుళాల సందును టేపుతో కప్పేస్తారు. లేదా రెండు తొడుగు ముక్కలు కలిసే చోట జిగురు వేయకుండా టేపు మాత్రమే చుడతారు. ఏడాది తిరిగేసరికి తొడుగు కొద్దిగా కుంచించుకుని కీలు విడుతుంది. టేపు కింద ఉన్న ఆ సందు బయటికి కనిపించదు.

అంత చిన్న సందులోంచి ఎంత నీరు వస్తుందని అడుగుతారు. గాలి లోపలికీ బయటికీ ఆడనక్కర్లేదు. ఆవిరి ఒక్కటి లోపలికి పోతే చాలు. డ్యూ పాయింట్ 27 ఉన్న గాలిలో ఆవిరి పీడనం సుమారు 36 మిల్లీబార్లు. 7 డిగ్రీల పైపు మీద తడికి పైన అది 10 మాత్రమే. లోపలికి పోయిన ఆవిరి పైపు మీద నీరైపోవడంతో లోపల పీడనం ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది, వెనక ఆవిరి వస్తూనే ఉంటుంది. ఏసీ నడిచినంతసేపూ ఇది ఆగదు. పుట్టిన చుక్కలకు పెరగడానికి చోటు లేదు. పైపుకూ తొడుగుకూ మధ్య ఉన్న సన్నని ఖాళీని నింపుకుని, పైపు వెంటే పల్లం వైపు పాకుతాయి. పైపు ఎక్కడ బాగా కుంగి ఉంటే అక్కడ, లేదా టేపు చుట్టు ఎక్కడ ముగిస్తే అక్కడ బయటికి వస్తాయి. అంటే మరక ఉన్న చోట తప్పు లేదు. తప్పు దానికి పైన ఎక్కడో ఉంది.

దీనికి తోడు ఇది సాక్ష్యం కూడా దాచుకుంటుంది. రాత్రంతా కారి, ఉదయం ఏసీ ఆపాక ఆగిపోతుంది. మెకానిక్ పదకొండు గంటలకు వచ్చి పొడిగా ఉన్న బోర్డు చూసి డ్రెయిన్ కడిగి వెళ్లిపోతాడు. తేమ ఎక్కువగా ఉన్న సాయంత్రం, ఏసీ కనీసం రెండు గంటలు నడిచాక చూస్తే తప్ప ఇది చేతికి చిక్కదు.

పట్టుకునే పద్ధతి చెబుతాను. పైపు వెంట అడుగుకొకటి చొప్పున టిష్యూ పేపర్ పట్టీలు చుట్టి, రబ్బరు బ్యాండు వదులుగా వేయండి. రెండు గంటల తర్వాత చూడండి. పట్టీలన్నీ చుట్టూరా సమానంగా తడిస్తే తొడుగు మందం చాలడం లేదు, దాని సంగతి కింద చెబుతాను. ఒక పట్టీ అడుగువైపు మాత్రమే తడిసి, దానికి పైన ఉన్నవి పొడిగా ఉంటే నీరు తొడుగు లోపలి నుంచి వస్తోంది. అక్కడి నుంచి పై వైపు పైపును వేళ్లతో నొక్కుతూ వెళ్లండి. లోపల నీరు ఉన్న చోట మెత్తగా, చల్లగా తగులుతుంది. నొక్కినప్పుడు టేపు అంచున చుక్క ఊరితే ఇక అనుమానం అక్కర్లేదు. ఆ పై చివర ఉన్న మొదటి కీలునో ఫ్లేర్ నట్‌నో విప్పండి, నోరు తెరిచిన సందు కనబడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని, ఉన్నదాని మీదే మరో వరస టేపు చుట్టడం. దానివల్ల లోపలి నీరు లోపలే ఉండి, కారే చోటు మరో అడుగు పక్కకు జరుగుతుంది. తడిసిన తొడుగు ఎలాగూ పనికిరాదు. నీరు వేడిని నిలకడ గాలి కంటే ఇరవై రెట్లకు పైగా సులువుగా పోనిస్తుంది కాబట్టి తడిసిన ముక్క బయటి ముఖం కూడా చల్లబడి, అదీ చెమర్చడం మొదలుపెడుతుంది. కోసి పారేయండి. పైపును పొడిగుడ్డతో తుడిచి, ఏసీ ఆపి పూర్తిగా ఆరనివ్వండి.

కొత్త తొడుగుగా నల్ల నైట్రైల్ రబ్బరు గొట్టం తీసుకోండి. తెల్ల ఫోమ్ గొట్టం చవకే, కానీ కీళ్ల దగ్గర జిగురు నిలవదు. రెండు పైపులకూ విడివిడిగా తొడగాలి. మన స్ప్లిట్ ఏసీల్లో చాలావాటికి గ్యాస్ వ్యాకోచించే క్యాపిలరీయో వాల్వో అవుట్‌డోర్ యూనిట్‌లోనే ఉంటుంది కాబట్టి లావు పైపుతో పాటు సన్న పైపు కూడా చల్లగానే నడుస్తుంది. సన్న పైపును వట్టిగా వదిలేసినా, రెండిటినీ ఒకే తొడుగులో కుక్కినా మళ్లీ అదే కథ. ముక్కలు కలిసే రెండు ముఖాలకూ రబ్బరు జిగురు పూసి, వేలికి అంటుకోనంతగా ఆరాక నొక్కి కలపండి. గొట్టాన్ని లాగి సరిపెట్టకండి, కాస్త పొడవు ఎక్కువగా కోసి ఒత్తి కూర్చండి. లాగి అతికించిన కీలు కొన్నాళ్లకు విడుతుంది. ఫ్లేర్ నట్ మీద లావు గొట్టం ముక్క తొడిగి, అటూ ఇటూ ఉన్న తొడుగు మీదికి రెండేసి అంగుళాలు ఎక్కేలా అతికించండి. జిగురు ఆరేదాకా, కనీసం ఒక రోజు, ఏసీ వేయకండి. చివరగా, ప్లాస్టిక్ టైలను బిగించి కట్టడం మానండి. టై నొక్కిన చోట 13 మిల్లీమీటర్ల తొడుగు నాలుగో ఐదో అవుతుంది, చుక్క సరిగ్గా అక్కడే పుడుతుంది.

మందం విషయం. 7 డిగ్రీల అరంగుళం పైపుకు 9 మిల్లీమీటర్ల తొడుగు ఉంటే, 32 డిగ్రీల నిలకడ గాలిలో దాని బయటి ముఖం దాదాపు 26 దగ్గర ఉంటుంది. తేమ 75 శాతం ఉన్న రోజు డ్యూ పాయింట్ 27 కాబట్టి చెమర్చక తప్పదు. 13 మిల్లీమీటర్లు అయితే ముఖం 27 దాటి, గీత మీద నిలుస్తుంది. 19 అయితే 29 దగ్గర ఉంటుంది, నిశ్చింత. హైదరాబాద్‌లో గదిలోపల నడిచే పైపుకు 13 సరిపోవచ్చు. కోస్తాలో, ముఖ్యంగా గాలి ఆడని ఫాల్స్ సీలింగ్ పైన, 19కి తగ్గొద్దు.

అందంగా ఉంటుందని పైన మెరిసే అల్యూమినియం టేపు చుట్టించేవాళ్లుంటారు. నల్ల రబ్బరు చుట్టుపక్కల గోడల నుంచి వచ్చే వేడిని పీల్చుకుని కాస్త వెచ్చబడుతుంది. మెరిసే ముఖం ఆ వేడిని తిప్పికొట్టి ఇంకా చల్లగా ఉంటుంది, అంటే ముందుగా చెమరుస్తుంది. 13 మిల్లీమీటర్లతో గట్టెక్కే పైపు కూడా ఈ టేపు వల్ల తడవొచ్చు. మరొకటి, చేత్తో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే ముఖం మీద తప్పు అంకె చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.

మరక పడిన బోర్డుకు వెంటనే రంగు వేయించకండి. పైపు బాగుచేశాక పది రోజులు ఏసీ నడిపి, మరక అంచు పెరగలేదని పెన్సిలు గీతతో చూసుకుని అప్పుడు వేయించండి. బోర్డు చేత్తో నొక్కితే దిగుతుంటే రంగుతో పనిలేదు, ఆ ముక్క మార్చాల్సిందే.

డ్రెయిన్ పైపు కూడా ఈ కోవలోదే, కానీ చెప్పడానికి ఎక్కువ లేదు. దానిలో పోయేది చల్లని నీరు. ఫాల్స్ సీలింగ్ పైన వట్టిగా నడిస్తే మొదటి కొన్ని అడుగులు బయటివైపు చెమరుస్తుంది. ఆ భాగానికి సన్న తొడుగు వేస్తే చాలు.

ఎక్కువగా పట్టించుకోనక్కర్లేనివి

అవుట్‌డోర్ యూనిట్ వాల్వుల మీద నీటి చుక్కలు: మామూలే, అక్కడ రాగి వట్టిగా ఉంటుంది. చుక్కల బదులు మంచు కడితే మెకానిక్‌ను పిలవండి. కిటికీ అద్దం బయటివైపు మసక: అద్దం చల్లగా ఉంది, బయట తేమ ఉంది, అంతే. గాలి నేరుగా తగిలే గోడకు అవతలి వైపు తడి: రెక్కను పక్కకు తిప్పండి. యూనిట్‌ను వంకరగా బిగించడం: లెవెల్ పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ట్రే పగలడం: ఉంటుంది, కానీ అరుదు. ముందు మూత తీసి ట్రేలో గ్లాసెడు నీళ్లు మెల్లగా పోయండి. పైపు చివర బయటికి వస్తే ట్రే బాగానే ఉన్నట్టు.